హెప్సిడిన్ వారి సముఖమునకు ఒక ఇనుము లేని మనిషి మహజరు

మహారాజశ్రీ కాలేయ సంస్థాన వాస్తవ్యులు, చిన్నపేగు సరిహద్దు ద్వారపాలకులు, 25 అమైనో ఆమ్లాల పొట్టి దేహంతో ఒళ్లంతా ఏలుతున్న హార్మోను హెప్సిడిన్ గారి దివ్యసముఖమునకు రక్తహీనురాలనగు నేను వ్రాసికొను విన్నపము. గ్రాంథికం ఇంతటితో చాలిస్తాను. అంత పొడవు వాక్యాలకు నాకు ఊపిరి చాలడం లేదు.

విషయం: నేను మింగిన ఇనుమును నాకు చేరనివ్వకపోవుట గురించి.

మీకు తెలియని సంగతి కాదు గాని, ఇది బహిరంగ లేఖ కనుక చదివేవారి కోసం ముందుగా నా దశను మనవి చేస్తాను. శరీరం దాచుకున్న ఇనుము ఎంతో చెప్పే ఫెరిటిన్ నా రక్తంలో మిల్లీలీటరుకు 9 నానోగ్రాములే ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఆరోగ్యంగా ఉన్న స్త్రీలో అది 15 కన్నా తగ్గితే నిల్వలు అడుగంటినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 30 దగ్గరే జాగ్రత్తపడాలనే వైద్యులూ ఉన్నారు. ఒక్క అంతస్తు మెట్లెక్కి, గోడకు చెయ్యి ఆనించి, ఎవరైనా చూస్తే ఫోను చూసుకుంటున్నట్టు నటించడం నాకు అలవాటైంది. అంతకంటే సిగ్గుచేటైన సంగతి మరొకటి ఉంది. రాత్రి పదకొండు గంటలకు ఫ్రిజ్ తలుపు తీసి, మంచు ట్రేను మెలితిప్పి, ఆ ముక్కలు పటుక్కున ఊడే చప్పుడుకే నోట్లో నీళ్లూరే స్థితికి వచ్చాను. ఇనుము తగ్గినవారిలో కొందరికి ఈ మంచుపిచ్చి పట్టడం మామూలేనని తరువాత తెలిసింది. తెలిసేలోగా ఇంట్లోవాళ్లు నన్ను అదోలా చూడటం మొదలుపెట్టారు.

నాకు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున మూడు నెలలకు మాత్రలు రాశారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము. మామూలు మనిషి రోజంతా తిన్న తిండి నుంచి శరీరం లోపలికి తీసుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే కాబట్టి, రోజుకు 120 పంపితే గాదెలు నిండి పొర్లుతాయని నేను ధీమాగా ఉన్నాను. గాదెలు నిండలేదు గాని, నోట్లో తుప్పుపట్టిన తాళంచెవిని చప్పరించినట్టు రుచి నిండింది. ఉదయమంతా కడుపులో తిప్పడం, మూడు రోజులు మలబద్ధకం, నాలుగో రోజున బొగ్గులాంటి నలుపు. రక్తంలో ఎర్రగా తిరగవలసిన నా ఇనుములో చాలా భాగం, ఆ నలుపై, అక్షరాలా దొడ్డిదారిన వెళ్లిపోతోంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కదా, ఆ పూజారి ఎవరా అని ఆరా తీస్తే మీ పేరు బయటపడింది.

ఇంత అధికారం చేతిలో పెట్టుకుని ఇన్నాళ్లు అజ్ఞాతంలో ఎలా ఉన్నారో గాని, మీరు వెలుగులోకి వచ్చినది ఈమధ్యనే. 1832లోనే ఫ్రాన్సులో పియేర్ బ్లో అనే వైద్యుడు ఫెర్రస్ సల్ఫేటును, పొటాషియం కార్బొనేటును కలిపి రక్తహీనతకు మాత్రలు ప్రకటించాడు. ఆ మాత్రలు మింగిన తరతరాల స్త్రీలకు, గుమ్మంలో నిలబడి వాటిని వెనక్కి పంపుతున్నది ఎవరో తెలియనే లేదు. 2000, 2001 సంవత్సరాల్లో గాని మీరు శాస్త్రజ్ఞుల కంటపడలేదు. అందులో ఒక బృందానికి మీ ప్రథమ దర్శనం మనిషి మూత్రంలో లభించిందన్న సంగతిని, మీ హోదాకు భంగం కలగదన్న నమ్మకంతో ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మీ పనితీరు బయటపడటానికి 2004 దాకా పట్టింది. మాత్రలోని ఇనుము కడుపులోని ఆమ్లంలో కరిగి, చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలానికి చేరుతుంది. అక్కడి గోడకణాలు ఫెర్రస్ రూపంలోని ఇనుమును ఒక వాకిలి గుండా లోపలికి తీసుకుంటాయి. అంతటితో ప్రయాణం సగమే అయినట్టు. కణంలోంచి రక్తంలోకి పోవడానికి అవతలి గోడకు ఫెర్రోపోర్టిన్ అనే ఒకే ఒక తలుపు ఉంది. అది దాటితే ట్రాన్స్‌ఫెరిన్ అనే బండి ఎక్కి, ఎముక మూలుగకు చేరి, హిమోగ్లోబిన్‌లో కుదురుకోవచ్చు. మీరు చేసేదల్లా వచ్చి ఆ తలుపుకు అతుక్కోవడం. మీరు అతుక్కున్న తలుపును కణం తనలోకి లాక్కుని ముక్కలు చేసేస్తుంది. తలుపు మూయడమంటే గడియ పెట్టడమనుకునే అమాయకులం మేము. తలుపునే పీకి పొయ్యిలో పెట్టి వట్టి గోడ మిగిల్చే పద్ధతి మీ ఒక్కరికే చెల్లింది. లోపల చిక్కిన ఇనుము పిలుపు కోసం కూర్చుంటుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో ఆ కణానికి ఆయువు తీరి పేగులోకి రాలిపోతుంది, దానితోపాటే లోపల కూర్చున్న ఆ ఇనుప అర్జీదారు కూడా.

ఇంతవరకే అయితే నేను ఈ లేఖ రాసేదాన్ని కాను. నిల్వలు తరిగినప్పుడు మీరు తగ్గి ఉంటారనీ, తలుపులు బార్లా తెరిచి ఉంటాయనీ విన్నాను. నిజమే, నా మొదటి మాత్రను మీరు మర్యాదగానే చూశారు. నా అభియోగమల్లా ఆ తరువాతి ఇరవై నాలుగు గంటల గురించి. మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లో రక్తంలో తిరిగే ఇనుము ఒక్కసారిగా పెరుగుతుంది, కాలేయం ఆ సందడి చూసి మిమ్మల్ని బయలుదేరదీస్తుంది. గాదె అడుగున గింజ లేదని తెలిసి కూడా, వీధిలో నాలుగు ధాన్యపు బండ్లు కనబడగానే ఊళ్లో పంట విరగపండిందని చాటింపు వేయించే అధికారిని ఏమనాలో మీరే చెప్పండి.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇనుము నిల్వలు తరిగిన యువతుల్లోనే మీ లీలలను కొలిచి 2015లో ప్రకటించారు. 60 మిల్లీగ్రాములు గాని, అంతకుమించి గాని వేసుకున్న మర్నాటికి కూడా మీ మట్టం దిగలేదు. ఆ రెండో రోజు మాత్రలోంచి ఒంటబట్టే వాటా 35 నుంచి 45 శాతం మేర తగ్గిపోయింది. మోతాదును 40 నుంచి 240కి, అంటే ఆరింతలు పెంచితే, ఒంటబట్టినది 6.7 నుంచి 18.1 మిల్లీగ్రాములకు, అంటే మూడింతలకు కూడా చేరలేదు. రెండు ఉదయపు మాత్రల నడుమ ఒక మధ్యాహ్నపు మాత్ర చేర్చి చూస్తే చెప్పుకోదగ్గ లాభమే కనిపించలేదు. నా తొంభై సాయంత్రాలను తలుచుకుని, ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను. 2017లో అదే బృందం కొందరికి 14 మాత్రలను వరుసగా 14 రోజులు, మరికొందరికి అవే 14 మాత్రలను రోజు విడిచి రోజు ఇచ్చింది. వరుసగా వేసుకున్నవారికి మొత్తం 131 మిల్లీగ్రాములు దక్కితే, విడిచి వేసుకున్నవారికి 175 దక్కాయి. రోజూ గుమ్మంలో నిలబడే అర్జీదారును గెంటించి, ఒక రోజు మానేసి వచ్చినదాన్ని కూర్చోబెట్టి మాట్లాడే తత్వం మీదని దీన్నిబట్టి తేలుతోంది.

మీ పక్షాన కూడా నాలుగు మాటలు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఒకసారి లోపలికి వచ్చిన ఇనుమును తలచినప్పుడు బయటికి పంపే మార్గం ఈ శరీరంలో లేదు. కాబట్టి కట్టుదిట్టమంతా ప్రవేశం దగ్గరే జరగాలి. మీరు పుట్టుకతోనే కరువైన మనుషుల్లో ఇనుము ఏళ్ల తరబడి కాలేయంలో, గుండెలో, క్లోమంలో పేరుకుని వాటిని పాడుచేస్తుంది. ఒంట్లో సూక్ష్మజీవులు చేరినప్పుడు వాటికి ఇనుము అందకుండా మీరు విజృంభిస్తారన్నదీ మెచ్చుకోవలసినదే. మీ పేరులో సగం (హెప్) కాలేయం, సగం (సిడిన్) క్రిమిసంహారం. కాకపోతే శత్రువుకు తిండి దొరకకూడదని ఇంటి మనిషిని కూడా పస్తు పెట్టడం ఒక్కటే నాకు మింగుడుపడటం లేదు.

మా లెక్క కూడా ఒకసారి చూడండి. మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. నెలసరిలో 35 మిల్లీలీటర్లు పోయినా 17 మిల్లీగ్రాముల దాకా పోయినట్టే. 80 దాటేవారికి 40కి పైమాటే. బయటికి పోయే ఈ దారి మీద మీకు అధికారం లేదు, లోపలికి వచ్చే దారి మీద మాత్రం సర్వాధికారాలూ మీవే. మూలుగలోని లేత రక్తకణాలు మా తరఫున ఎరిత్రోఫెర్రోన్ అనే సిఫారసు ఉత్తరం పంపి మిమ్మల్ని కాస్త తగ్గమని అడుగుతాయని 2014లో తెలిసింది. ఆ సిఫారసును మీరు మన్నిస్తారు, కాదనను. అయితే మర్నాడు పొద్దున్నే మరో మాత్ర కనబడేసరికి మన్నించిన సంగతి మరిచిపోతారు.

ఈ పరిస్థితుల్లో మా డాక్టరు గారు సాయంత్రపు మాత్రను కొట్టేసి, ఉదయపు మాత్రను రోజు విడిచి రోజుకు మార్చారు. దీనివల్ల అవే మాత్రలు ముగియడానికి క్యాలెండరులో రెట్టింపు రోజులు పడతాయి. తీవ్రమైన రక్తహీనత ఉన్నవారికీ, గర్భిణులకూ వైద్యులు వేరే లెక్క వేయవచ్చు. నేను నా సంగతే చెబుతున్నాను. కడుపులో తిప్పడం తగ్గింది. పోయిన వారం మంచు ట్రేలో ముక్కలన్నీ ఉన్నాయని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోయారు.

రేపు నాకు మాత్ర లేదు, కనుక మీరు విశ్రాంతి తీసుకోవచ్చు. ఎల్లుండి ఉదయం, పగలు గడిచేకొద్దీ పెరిగే స్వభావం గల మీరు ఇంకా తగ్గి ఉన్న వేళలోనే, పరగడుపున ఒక మాత్రతో, గ్లాసు మంచినీళ్లతో వస్తాను.

ఇట్లు,
ఫెరిటిన్ 9 నుంచి 21కి ఎదిగిన మీ అర్జీదారు

తా.క.: మాత్ర వెనువెంటనే నేను తాగిన కాఫీ నష్టాన్ని కూడా మీ ఖాతాలో రాయబోయి ఆగాను. ఉదయం మాత్రతోపాటు కాఫీ తాగితే ఒంటబట్టే ఇనుము 54 శాతం తగ్గిందనీ, 80 మిల్లీగ్రాముల విటమిన్ సి తోడైతే 30 శాతం పెరిగిందనీ 2023లో జ్యూరిచ్‌వారే తేల్చారు. ఇందులో మీ ప్రమేయం లేదు, కాఫీ చేసిన నష్టం పేగులోనే ఇనుమును పట్టేసుకునే, కాఫీలోని పాలీఫినాల్స్ అనే పదార్థాల పని. కాఫీకి విడిగా లేఖ రాస్తున్నాను. అది ఇంతకంటే చాలా మెత్తగా ఉంటుంది.