సఖినేటిపల్లి టు డాలస్: ఒక సాంకేతిక నివేదిక

కోనసీమలోని మన సఖినేటిపల్లి నుంచి అమెరికాలోని డాలస్‌కు దగ్గరి దారి ఎటని రేవులో ఎవరినడిగినా పడమటికి చెయ్యి చూపిస్తారు. తప్పు. సరాసరి ఉత్తరానికి పోవాలి. మనం సుమారు 82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాం, డాలస్ 97 డిగ్రీల పడమర మీద ఉంది. కలిపితే 179. అంటే ధ్రువానికి ఇటు మనం, దాదాపు సూటిగా అటు వాళ్లు. గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే టిబెట్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువం పక్కనుంచి కెనడా మీదుగా దిగుతుంది. దూరం సుమారు 14,500 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున పదహారు గంటలు.

లెక్కలో లోపం లేదు. లెక్క మొదలెట్టిన చోటులోనే ఉంది.

హైదరాబాద్ రైలు నరసాపురంలో ఎక్కాలి. నరసాపురం గోదావరి పాయ వశిష్ఠకు అవతలి గట్టున ఎదురుగా కనబడుతూనే ఉంటుంది. మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు మాత్రం నిండితే గానీ కదలదు. ట్రాక్టరు ఎక్కింది, కొబ్బరికాయల ఆటో ఎక్కింది, మోటారు సైకిళ్లు ఎక్కాయి. 23 కిలోల పెట్టెలు రెండూ ఎక్కాయి, లోపల నాలుగు కవర్లు చుట్టి టేపేసిన ఆవకాయతో సహా. పూతరేకుల డబ్బా మాత్రం అమ్మగారి ఒళ్లోనే ఉంది, నలిగిపోతాయని. “ఇంకా ఎంతసేపు బాబూ?” అంటే, “అయిపోయిందండి, ఆ లారీ ఎక్కేత్తే వదిలేత్తామండి” అంటాడు టికెట్ల కుర్రాడు. లారీ ఇంకా టీ తాగుతోంది. విమానం బోర్డింగ్ టైము నిమిషాలతో సహా కాగితం మీద ఉంటుంది. పంటుకి ఆ దురలవాటు లేదు. వరదొస్తే అసలు పంటే ఆపేస్తారు, చించినాడ వంతెన చుట్టూ తిరిగి పోవాల్సిందే.

ఆపైన రాత్రంతా రైలు, శంషాబాద్‌లో పడిగాపులు, దుబాయ్‌లోనో దోహాలోనో ఇంకో పడిగాపులు. అన్నీ కలిపి నలభై గంటలు వేసుకున్నా, దారం కొలతకి సగటు వేగం గంటకు 360 చిల్లర. సూటిగా ఉత్తరానికే పోవచ్చుగా అంటారా? లోపల గాలి ఒత్తిడి పడిపోతే విమానం గబగబా పదివేల అడుగులకు దిగాలి. టిబెట్‌లో నేలే అంతకంటే ఎత్తు.

ఇక గడియారం సంగతి. సోమవారం తెల్లారగట్ల హైదరాబాద్‌లో విమానం ఎక్కినవాడు సోమవారం సాయంత్రమే డాలస్‌లో దిగుతాడు. అక్కడ సోమవారం రాత్రి ఎక్కినవాడు ఇక్కడ బుధవారం గానీ దిగడు. చలికాలంలో పదకొండున్నర, ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా చేసే మాయ ఇది. నిజానికి వచ్చేటప్పుడే గాలి వెనకనుంచి తోస్తుంది, గాల్లో ఉండేది గంటో గంటన్నరో తక్కువ. అయినా వెళ్లిన పిల్లలు అంత తొందరగా రారెందుకని అరుగు మీద పెద్దవాళ్లు బెంగపడితే క్యాలెండరు చూపించి ఓదార్చవచ్చు: వెళ్లడానికి పూట, రావడానికి రెండ్రోజులు.

పరిష్కారం లేకపోలేదు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 57 కిలోమీటర్లు. 2000-01లో మంజూరైంది. గోదావరి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటినీ దాటాలి. రైలు ఇంకా రాలేదు. ఇదే ఊపులో ధ్రువం మీదుగా డాలస్ దాకా పట్టాలేస్తే ఎన్నేళ్లు పడుతుందో త్రైరాశికం వేయవచ్చు గానీ, 57 కిలోమీటర్లకు ఎన్నేళ్లో ముందు తేలాలి. ఈలోగా విమానం టికెట్లమ్మే వెబ్‌సైట్ల వారికి ఒక్క మనవి. ‘ఎక్కడి నుంచి’ అన్న గడి కింద ఇంకో గడి పెట్టండి: ‘పంటు ఇప్పుడు ఏ గట్టున ఉంది?’