మూస తెరిచేదాకా ఎవరికీ తెలియదు

ఎలక్ట్రిక్ కార్లలో వాడే సిలికాన్ కార్బైడ్ చిప్‌లు చేసే అమెరికా కంపెనీ వుల్ఫ్‌స్పీడ్ 2025 జూన్ 30న దివాలా పిటిషన్ వేసింది మొదలు అందరిదీ ఒకటే పాట: చైనా వాళ్లు ధరలు తొక్కేశారు, ఈవీలు అనుకున్నంత అమ్ముడవలేదు. రెండూ నిజమే. కానీ దాన్ని పెట్టినవాళ్లలో ఒకడైన జాన్ పాల్మర్ జీవితమంతా దేనితో కుస్తీ పట్టాడో తెలియకుండా ఆ కంపెనీకి తీర్పులిచ్చేస్తుంటే ఒళ్లు మండుతుంది.

1987లో నార్త్ కరోలినాలో ఆరుగురు కలిసి క్రీ రీసెర్చ్ పెట్టారు, వుల్ఫ్‌స్పీడ్ పాత పేరు అదే. సరుకు సిలికాన్ కార్బైడ్, అంటే సిలికాన్, కార్బన్ కలిసిన క్రిస్టల్.

మామూలు సిలికాన్‌ను 1414 డిగ్రీల దగ్గర కరిగించి, విత్తనం (చిన్న క్రిస్టల్ ముక్క) ముంచి పైకి లాగితే రెండు మూడు రోజుల్లో మీటరు పైబడిన కడ్డీ వస్తుంది. సిలికాన్ కార్బైడ్ మామూలు పీడనంలో కరగదు, నేరుగా ఆవిరవుతుంది. అందుకే గ్రాఫైట్ మూస అడుగున పొడి పోసి, మూత లోపలివైపు విత్తన పలక అంటించి, తక్కువ పీడనంలో ఆర్గాన్ ఉంచి 2,200 డిగ్రీలు దాటిస్తారు. అడుగు వేడిగా, మూత కాస్త చల్లగా ఉండాలి. ఆవిరి పైకెళ్లి విత్తనం మీద పేరుకుంటుంది, గంటకు అర మిల్లీమీటరు పెరిగితే గొప్ప. వారం కాస్తే చేతికొచ్చేది కొన్ని సెంటీమీటర్ల దిమ్మ.

అదీ సవ్యంగా వస్తే. విత్తనం జిగురులో బుడగ మిగిలితే అక్కడ విత్తనం వెనకనుంచి ఆవిరై, బొక్క దిమ్మలోకి పాకుతుంది. పొడిలోంచి సిలికాన్ ముందు ఎగిరిపోతుంది, మిగిలిన కార్బన్ నలుసులు క్రిస్టల్‌లో ఇరుక్కుంటాయి. వేడి అటూ ఇటూ అయితే 4హెచ్ అనే అణువుల అమరిక పెరగాల్సిన చోట 6హెచ్ అనే వేరే అమరిక మొలుస్తుంది. నడుమకీ అంచుకీ తేడా ఎక్కువైతే పగుళ్లే. మూస మూసే ఉంటుంది, తెరిచేదాకా ఏదీ కంటపడదు.

1990ల మొదట్లో వేఫర్లలో (దిమ్మను కోస్తే వచ్చే పలుచటి పలకలు) మైక్రోపైపులనే సన్నటి గొట్టాలు చదరపు సెంటీమీటరుకు వందల్లో ఉండేవి. పవర్ డివైస్ (ఎక్కువ వోల్టేజీని అదుపుచేసే చిప్) కింద ఒక్కటి పడినా, తట్టుకోవాల్సిన వోల్టేజీ అందుకోకముందే కాలిపోతుంది. అందుకని చిన్న చిప్‌లతో మొదలెట్టారు. 1989 నాటి నీలి ఎల్‌ఈడీ వెలుగు మిణుగురు పురుగంత. తర్వాత గాలియం నైట్రైడ్ పొర వేసిన ఎల్‌ఈడీలే ఏళ్ల తరబడి ఇల్లు గడిపాయి. (నగల షాపుల్లో మొయిసనైట్ హారాలు చూస్తున్నారుగా, అదీ సిలికాన్ కార్బైడే. మొదట్లో ఆ రాళ్లకు క్రిస్టల్ పెంచి ఇచ్చింది క్రీ.) చిప్ మీది ఆక్సైడ్ పొర దగ్గర ఎలక్ట్రాన్లు చిక్కుకుపోయే జబ్బును నైట్రిక్ ఆక్సైడ్‌లో కాల్చి అదుపు చేశాక, 2011లో మాస్‌ఫెట్ అనే పవర్ స్విచ్ మార్కెట్‌కొచ్చింది. కంపెనీ పెట్టిన 24 ఏళ్లకు!

ఇప్పుడు అసలు గొడవ. 2022 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో 200 మిల్లీమీటర్ల వేఫర్లతో చిప్‌లు చేసే ఫ్యాబ్ (ఫ్యాక్టరీ) తెరిచారు, అప్పులతో. 150 మిల్లీమీటర్ల వెడల్పు దిమ్మలోంచి 200 మిల్లీమీటర్ల విత్తనం కోయలేం కదా! ఒక్కో విడతకు కొన్ని మిల్లీమీటర్లు వెడల్పు చేసుకుంటూ పోవాలి, విడతకో వారం. తీరా ఫ్యాబ్ సిద్ధమయ్యాక సరిపడా వేఫర్లు అందక అది నెమ్మదించింది. వడ్డీ మాత్రం నెమ్మదించదుగా. తప్పు దిమ్మను కాదని బిల్డింగ్‌ను ముందు పెట్టిన లెక్కలోనే ఉందని నా వాదన. పాల్మర్ 2022 నవంబరులో పోయాడు. సైలర్ సిటీలోని క్రిస్టల్ ప్లాంటుకు ఆయన పేరు పెట్టారు.

ఇక మీదట ఏ సెమీకండక్టర్ కంపెనీ వాళ్లైనా ఫ్యాబ్ ఎన్ని ఎకరాలో చెబుతుంటే, ఫర్నేస్‌కు నెలకు ఎన్ని దిమ్మలు, అందులో పారేసేవెన్నో అడగండి.