మహారాజశ్రీ నాలుగు గొట్టాల వారికి

మహారాజశ్రీ ఎం45 క్వాడ్‌మౌంట్ వారి సముఖానికి,

నమస్కారాలు. తమరి సర్వీసు రిజిస్టరు తిరగేస్తుంటే కొన్ని సందేహాలు వచ్చాయి. హోదా: విమాన విధ్వంసక మెషిన్‌గన్. పోస్టింగు: ఆకాశం. కానీ రిజిస్టరు నిండా ఉన్నది నేల మీద చేసిన పనే. మా ఆఫీసుల్లో దీన్ని డిప్యుటేషన్ అంటారు. మావాళ్లు కూడా ఒకసారి వెళ్తే తిరిగి రారు లెండి.

తమరిని మాత్రం మంచి ఉద్దేశంతోనే పుట్టించారు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం రోడ్డు మీద పోతుంటే చెట్ల మీదుగా దూసుకొచ్చి కాల్చిపోయే విమానాల బెడద ఉండేది. పెద్ద ఫిరంగిని దింపి, కుదురు చేసి, గురి చూసేసరికి ఆ విమానం కనుచూపు మేరలో ఉండదు. అందుకని అమెరికాలో మాక్సన్ కంపెనీ వారు నాలుగు బ్రౌనింగ్ ఎం2 మెషిన్‌గన్‌లు తెచ్చి అటు రెండు, ఇటు రెండు బిగించి, మధ్యలో గన్నర్‌కి సీటు వేశారు. చేత్తో తిప్పే బాధ లేకుండా బ్యాటరీల మీద నడిచే మోటారు పెట్టారు. ఆ బ్యాటరీలు చార్జ్ చెయ్యడానికి వెనకాల చిన్న పెట్రోల్ ఇంజిన్. ముందు చక్రాలు, వెనక ట్యాంకు పట్టీలు ఉండే హాఫ్‌ట్రాక్ మీద తమరిని కూర్చోబెట్టి, ఆ బండికి ఎం16 అని పేరు పెట్టారు. 1943 మే నుంచి 1944 మార్చి దాకా వైట్ మోటార్ కంపెనీ ఇలాంటివి 2,877 చేసింది.

తమరి ఆకలి సంగతి కూడా చూశాను. ఒక్కో గొట్టం నిమిషానికి 450 నుంచి 550 తూటాలు కక్కుతుంది. పెట్టెలో ఉండేవి 200. ఆపకుండా నొక్కితే పాతిక సెకన్లలో పెట్టె ఖాళీ. పాతిక కిలోలకు పైబడిన ఇంకో పెట్టెని ఎత్తి బిగించడానికి చెరో పక్కా ఒక లోడర్ నిలబడాలి. అందుకే తెలివైన గన్నర్ రెండు గొట్టాలు పేలుస్తూ మిగతా రెండింటికీ చల్లబడే టైమిచ్చేవాడు. పైగా పెద్ద ఫిరంగి గుండు గాల్లో పేలుతుంది, తమరి తూటా పేలదు. విమానానికి తగిలిందా సరేసరి, లేదంటే ఎక్కడో ఎవరి పెంకుటింటి మీదో దిగాల్సిందే.

1945 మార్చిలో జర్మనీలో రైన్ నది మీద రెమాగెన్ వంతెన అమెరికా సైన్యానికి చిక్కినప్పుడు తమరు నిజంగానే డ్యూటీ చేశారు, కాదనను. జెట్ విమానాలతో సహా జర్మన్లు ఎన్ని పంపినా వంతెనని కూల్చలేకపోయారు. ఆకాశం మీద అంత నిఘా పెడితే, పది రోజులకి అప్పటికే దెబ్బతిని ఉన్న ఆ వంతెన తనంతట తానే నదిలోకి కూలింది. అది తమరి శాఖ కాదు లెండి.

అసలు తిరకాసు ఎక్కడుందంటే, తమరి మెడ పైకి 90 డిగ్రీలు నిక్కుతుంది, బాగుంది. కిందికి 10 డిగ్రీలు వంగే ఏర్పాటు దేనికి? నేలకంటే దిగువన ఎగిరే విమానం ఏదైనా ఉందా? ఎం16 బండి పక్క రేకులు బయటికి మడత పడేలా చేసి, గొట్టాలు అడ్డం లేకుండా దిగడానికి దారి కూడా ఇచ్చారు. అంటే డిప్యుటేషన్ ఆర్డరు డ్రాయింగు బల్ల మీదే టైపయిందన్నమాట. సిపాయిలు తమరికి ‘మీట్ చాపర్’, అంటే మాంసం కొట్టేది, అని ముద్దుపేరు పెట్టారు. విమానంలో మాంసం ఎక్కడుంది మహాశయా?

కొరియా యుద్ధంలో ఇక మొహమాటం కూడా పోయింది. 1950 నవంబరు చివర, చోసిన్ జలాశయం తూర్పు గట్టున, గడ్డకట్టే చలిలో, రాత్రిళ్లు కొండలు దిగి వస్తున్న చైనా సిపాయిల మీదికి తమరి నాలుగు గొట్టాలూ తిరిగాయి. విమానాన్ని ఆపడానికి లెక్కగట్టిన తూటాలు పత్తి కోటు తొడుక్కున్న మనిషిని ఏం చేసి ఉంటాయో నేను రాయను, ఆ రాత్రి గన్నర్ సీట్లో కూర్చున్నవాడికి తెలుసు.

తప్పంతా తమరిదే అనను. పైన తిరిగేవి దాదాపు అన్నీ తమవాళ్ల విమానాలే అయితే తమరు పాపం ఎవర్ని కాలుస్తారు? అవతలి పక్షంలో తమరి దాయాది ఉన్నాడు, సోవియట్ వారి జెడ్‌పీయూ-4. 1949లో కొలువులో చేరాడు, 14.5 మిల్లీమీటర్ల నోళ్లు నాలుగు. ఆకాశం శత్రువుదే కాబట్టి ఆ కుటుంబం వాళ్లకి వియత్నాంలో అమెరికా హెలికాప్టర్లు కావలసినన్ని దొరికాయి. అదే దేశంలో తమరు లారీ వెనక ఎక్కి కాన్వాయ్‌లకి కాపలా కాశారు.

ఒక్క విషయం మాత్రం తేల్చి చెప్పండి. 1960ల చివర్లో వల్కన్ అని తమరి వారసుడొచ్చాడు. 20 మిల్లీమీటర్ల నోళ్లు ఆరు, అదీ విమానాల కోసమే. వియత్నాంలో దిగగానే ఆయన్నీ కాన్వాయ్ డ్యూటీకే వేశారు. చార్జ్ అప్పగించేటప్పుడు ఆ పాత ఆర్డరు కూడా ఫైల్లో పెట్టి ఇచ్చారా?

జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఇట్లు,
నేల మీద నడిచే ఒకడు