సెక్యూరిటీ ల్యాబ్‌కు ముందు అనుమతి ఇవ్వండి

సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడితే, పోర్టులోకి వెళ్లే వంతు కోసం లంగరేసుకున్న ఓడలు దూరంగా కనిపిస్తాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు 2013లో మధ్యధరా సముద్రంలో జరిగిన ప్రయోగం గుర్తొస్తుంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ టాడ్ హంఫ్రీస్ బృందం 65 మీటర్ల విలాస నౌక ఎక్కి, బ్రీఫ్‌కేస్ అంత పెట్టెలోంచి దొంగ జీపీఎస్ సిగ్నల్ వదిలింది. మొదట చాలా సన్నగా, తర్వాత మెల్లమెల్లగా బలం పెంచుతూ పోయారు. ఓడలోని రిసీవర్ అసలు సిగ్నల్‌ను వదిలేసి దీన్ని పట్టుకుంది. ఓడ దారి తప్పినట్టు తెరమీద కనిపిస్తే సిబ్బంది సరిదిద్దారు. ఆ సరిదిద్దడంతోనే ఓడ నిజంగా పక్కదారి పట్టింది. ఒక్క అలారం మోగలేదు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఒకటుంది. ఓడవాళ్లు ముందే ఒప్పుకున్నారు. కాబట్టే ఒక యూనివర్సిటీ ల్యాబ్ నడిసముద్రంలో అంత పని చేయగలిగింది, ప్రపంచంలోని ఓడల కంపెనీలన్నీ దాని గురించి తెలుసుకోగలిగాయి.

విశాఖకు ఇంతకన్నా దగ్గరి విషయం ఏముంది? పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, అన్నీ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. పెద్ద ఓడలు తమ పేరు, స్థానం, వేగం ఏఐఎస్ అనే రేడియో సందేశంలో అందరికీ చెబుతూ తిరుగుతాయి. ఆ సందేశం నిజంగా ఆ ఓడ నుంచే వచ్చిందా అని సరిచూసే ఏర్పాటు ఆ పద్ధతిలోనే లేదు. దీనిమీద పని చేయడానికి మన ఊరికన్నా మంచి చోటు దేశంలో ఎన్ని ఉంటాయి?

2025 అక్టోబర్‌లో గూగుల్ ఇక్కడ 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించాక సైబర్ సెక్యూరిటీ మాట ఊరంతా వినిపిస్తోంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆ పేరుతో బ్రాంచీలున్నాయి. వర్క్‌షాపులు పెడుతున్నారు, సర్టిఫికెట్లు ఇస్తున్నారు. పిల్లలకు ఉద్యోగాలొస్తే సంతోషమే. కానీ పరిశోధన ల్యాబ్ చేసే పని అది కాదు.

ఆ పని ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర కూర్చుని చూశాను. నగరంలోని ఒక కాలేజీ ల్యాబ్‌లో బల్లమీద సెకండ్‌హ్యాండ్ వైఫై రౌటర్ విప్పి పెట్టారు. బోర్డు అంచున వరసగా నాలుగు చిన్న రంధ్రాలు. తయారీదారు తన పరీక్షల కోసం పెట్టుకుని, తర్వాత మూయడం మర్చిపోయిన దారి అది. ఒక అమ్మాయి ఊపిరి బిగబట్టి అందులో మూడింటికి తీగలు సోల్డర్ చేసింది. రెండోసారికి ఒకటి ఊడిపోయింది, మళ్లీ మొదలు. చివరికి ల్యాప్‌టాప్‌లో అక్షరాలు జలజలా పారాయి. ఎంటర్ నొక్కింది. పాస్‌వర్డ్ అడగలేదు. రౌటర్ మొత్తం ఆమె చేతిలోకి వచ్చేసింది. "సార్, ఇది ఎన్ని ఇళ్లల్లో ఉంటుందో!" అంది. ఆ గొంతులో గెలిచిన సంబరం కన్నా కంగారే ఎక్కువ.

అసలు కష్టం తర్వాతే. ఆ లోపం బయటినుంచి కూడా వాడుకోవచ్చా, మరో మోడల్‌లో ఉందా, పది సార్లు చేస్తే పది సార్లూ వస్తుందా, అన్నీ రాసుకోవాలి. కంపెనీకి మెయిల్ పెట్టాలి, జవాబు రాకపోతే మళ్లీ పెట్టాలి. వాషింగ్టన్ యూనివర్సిటీ, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ బృందాలు 2010లో ఒక కారు కంప్యూటర్లలోకి చొరబడి బ్రేకులు పనిచేయకుండా చేయగలిగాయి. కారు పేరు బయట పెట్టకుండా కంపెనీకి మాత్రమే చెప్పాయి. అది పూర్తిగా సరికావడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది. ఇంత ఓపిక సెమిస్టర్ లెక్కల్లో ఇమడదు.

ఇక అనుమతి సంగతి. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఫీజు రసీదు కోసం తన కాలేజీ వెబ్‌సైట్ తెరిచాడు. అడ్రస్ చివర ఉన్న నంబర్‌లో ఒక్క అంకె మార్చేసరికి ఇంకొకరి రసీదు వచ్చింది. తండ్రి పేరు, ఫోన్ నంబర్, అన్నీ ఉన్నాయి. వెంటనే ఆపేసి, ఆఫీసుకు వెళ్లి చెప్పాడు. "నిన్నెవరు చూడమన్నారు?" అని అడిగారు. ఇంట్లోవాళ్లను పిలిపించారు. వాళ్లమ్మ ఆ వారమంతా టెన్షన్‌తో నిద్రపోలేదు.

ఆఫీసువాళ్ల భయానికి చట్టంలో ఆధారం లేకపోలేదు. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళితే నష్టపరిహారం కట్టాలి. అదే పని మోసపు ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. మేలుకోరి పరిశోధన చేసేవాళ్లకంటూ విడిగా మినహాయింపు లేదు. నా ఉద్దేశం మంచిదని కుర్రాడు నిరూపించుకోవాల్సింది కేసు పడ్డాకే. అమెరికా న్యాయశాఖ 2022 మేలో, సదుద్దేశంతో చేసే భద్రతా పరిశోధనపై కేసులు పెట్టొద్దని తన న్యాయవాదులకు విధానంగానే చెప్పింది. మనకూ అలాంటి మాట రాతపూర్వకంగా కావాలి.

హైదరాబాద్‌కు చెందిన హరిప్రసాద్ ఉదంతం తెలుగువాళ్లు మర్చిపోకూడదు. మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గోంగ్రైప్‌లతో కలిసి ఆయన ఈవీఎంలోని లోపాలు చూపించారు. 2010 ఆగస్టులో ఆయన్ను అరెస్టు చేశారు. ఆ యంత్రం ఎవరిచ్చారో చెప్పమన్నారు, ఆయన చెప్పలేదు. యంత్రాలు తమ కట్టుదిట్టమైన కాపలాలో ఉంటాయి కాబట్టి బయటివాళ్లు అలా చేయడం కుదరదన్నది ఎన్నికల సంఘం వాదన. అందులో బలం ఉందనే అనుకుందాం. అయినా యంత్రాన్ని సంఘమే స్వయంగా ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పెట్టి, విప్పి చూడమని ఉంటే అరెస్టు అవసరమే వచ్చేది కాదు. 2013లో సుప్రీంకోర్టు కూడా ఈవీఎంలో వేసిన ఓటుకు కాగితపు ఆధారం ఉండాలనే చెప్పింది.

నేను అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. కార్పొరేషన్, పోర్టు, ఊళ్లోని పెద్ద ఆసుపత్రులు తమ వ్యవస్థల్లో ఏవి పరీక్షించవచ్చో, ఏవి ముట్టుకోకూడదో, లోపం దొరికితే ఎవరికి చెప్పాలో ఒక్క పేజీలో రాసి పెట్టాలి. నడుస్తున్న యంత్రాలను ఇవ్వనక్కర్లేదు. పక్కన పడేసిన పాత కంట్రోలర్లు ఇచ్చినా ల్యాబ్‌కు ఏడాది పని దొరుకుతుంది. యూనివర్సిటీలు కూడా పేపర్ల సంఖ్యతో పాటు, దొరికిన లోపాల్లో ఎన్ని నిజంగా మూసుకున్నాయో లెక్కలోకి తీసుకోవాలి. దేశంలో తయారైన ఉత్పత్తుల్లో దొరికిన లోపాలకు, ఒక్కో లోపాన్ని గుర్తుపట్టేందుకు వాడే అంతర్జాతీయ సీవీఈ నంబర్ ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు 2021 నుంచే ఉంది.

ఆ కుర్రాడు ఇప్పుడు ఫైనలియర్. తమ సైట్లలో ఏం పరీక్షించవచ్చో నియమాలు రాసిపెట్టి, లోపం చెబితే డబ్బిచ్చే విదేశీ కంపెనీలకు రాత్రుళ్లు పని చేస్తున్నాడు. వాళ్లు థాంక్స్ చెబుతూ పంపిన మెయిల్స్ నాకు చూపించాడు. మరి మీ కాలేజీ సైట్ సరిచేశారా అని అడిగితే, "తెలీదు సార్, మళ్లీ చూడలేదు" అన్నాడు. ఫీజు కట్టడానికి కూడా ఆఫీసు కౌంటర్‌కే వెళ్తున్నాడట.