ఇరవై నాలుగో వచనం దగ్గర ఆగిన బండి

మొన్న శనివారం సికింద్రాబాద్‌లో ఓ పెళ్ళికెళ్ళాను. శుభలేఖలో నాలుగున్నర అని ఉంది. ఐదున్నరైనా పెళ్ళికూతురు జాడ లేదు. ప్యారడైజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుందన్నారు. పెళ్ళి జరిపించే పాస్టరు అయ్యగారు నిమిషానికోసారి వాచీ చూసుకుంటున్నారు. ఆయన కంగారు పరలోకం గురించి కాదు, 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం గురించి. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపలే పెళ్ళి జరగాలంటుంది అందులో పదో సెక్షన్. ముహూర్తాలను నమ్మని మనకు బ్రిటిష్‌వాళ్ళు 13 గంటల ముహూర్తం పెట్టి పోయారు. అదీ దాటిపోయేలా ఉన్నాం.

(ఆ తేదీ ఆషాఢంలో పడకుండా చూసిందెవరని మాత్రం అడక్కండి. "అప్పుడు హాలు దొరకలేదండీ" అంటారు. ఆషాఢంలో హైదరాబాద్ ఫంక్షన్ హాళ్ళలో ఈగలు తోలుకుంటుంటారు, అది వేరే సంగతి.)

ఆరుంపావుకి పెళ్ళికూతురు దిగింది. అయ్యగారు బైబిల్లో ఎఫెసీ పత్రిక, అంటే ఎఫెసు క్రైస్తవులకు పౌలు రాసిన ఉత్తరం, ఐదో అధ్యాయం తెరిచి 22వ వచనం అందుకున్నారు. స్త్రీలు తమ భర్తలకు లోబడి ఉండాలి. మైకు గణగణలాడింది. 23, 24 కూడా నిదానంగా, ఒత్తి ఒత్తి చదివారు. అంతలో వాచీ చూసుకుని బైబిలు మూసేశారు. ముందు వరసలో ఆయన భార్య, పాస్టరమ్మగారు మాత్రం తన బైబిలు మూయలేదు. ఆవిడ వేలు 25 మీదే ఉంది.

ఇన్నేళ్ళుగా ఎన్ని పెళ్ళిళ్ళకెళ్ళానో లెక్క లేదు. ఆ అధ్యాయంలో భార్యలకు చెప్పింది మూడు వచనాల్లో అయిపోతుంది. 25 నుంచి 33 దాకా ఉన్న తొమ్మిదీ దాదాపు భర్తల మీదే, చివర్లో భార్యకో అరముక్క. అయినా ఎందుకో ప్రతి పెళ్ళిలోనూ 24 అయ్యేసరికి బిర్యానీ దమ్ము తీస్తారు. పైగా 22కి ముందే 21 ఉందనీ, అందులో ఒకరికొకరు లోబడమని ఉందనీ అంటే, "మీరు మరీ లోతుకి పోతున్నారన్నా" అంటారు.

25వ వచనం చెప్పేదేంటంటే, క్రీస్తు సంఘాన్ని, అంటే తన విశ్వాసుల్ని, ప్రేమించి దానికోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భర్త భార్యను ప్రేమించాలి. ఆయన సిలువ ఎక్కాడు. మనవాడు సింకు దాకా రాడు. భార్యాభర్తల బంధంలో క్రీస్తుకీ సంఘానికీ ఉన్న బంధం కనిపించాలన్నది పౌలు మాట. అందుకే ఈ మర్మము గొప్పదన్నాడు. రాత్రి పదింటికి కుక్కర్ ఎవరు కడుగుతారన్నది మన ఇళ్ళలో మర్మమేమీ కాదు.

శాఖల మధ్య భేదాలున్నాయి, కాదనను. కథోలికులకు పెళ్ళి ఏడు దివ్యసంస్కారాల్లో ఒకటి. ప్రొటెస్టెంట్లు సంస్కారాలను బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అని రెండుకి కుదించి పెళ్ళిని పక్కన కూర్చోబెట్టారు. కొన్ని ప్రొటెస్టెంట్ శాఖలు కలిసి సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)గా ఏర్పడడానికి 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలైన మాటలు 1947లో గానీ తెమల్లేదు. 28 ఏళ్ళు! కాఫీ ఎవరు పెట్టాలన్న విషయంలో మాత్రం అన్ని శాఖలూ ఒక్క మీటింగు కూడా లేకుండా ఏకమైపోయాయి.

ఇక ఆదికాండము రెండో అధ్యాయం. పురుషుడు తన తండ్రినీ తల్లినీ విడిచి భార్యను హత్తుకోవాలట. విడవమన్నది పురుషుణ్ణి, మళ్ళీ చూసుకోండి. భోజనాల దగ్గర పెళ్ళికొడుకు తల్లి మా ఆవిడతో అంటోంది:

"వాడు మమ్మల్ని విడిచి ఎక్కడికెళ్తాడు వదినా? మల్కాజిగిరిలో మా పైపోర్షనేగా. పొయ్యి కూడా వేరే వద్దన్నాను. వంట కిందే."

విడవడమంటే పద్దెనిమిది మెట్లెక్కడం అన్నమాట. ఆ పిల్ల మాత్రం రెండు సూట్‌కేసులు, ఒక బీరువాతో అమ్మానాన్నల్ని నిజంగానే విడిచి వచ్చింది. వాక్యం ఎవరికి చెప్పారో, ఎవరు నెరవేర్చారో! బీరువాతోపాటు ఇంకేం వచ్చాయో నేనడగలేదు. 1961 నుంచి కట్నం నేరం కాబట్టి మనవాళ్ళు దాన్ని 'కానుక' అంటున్నారు. ఏకశరీరం కాబోయే ఇద్దరిదీ ఒకే కులమా కాదా అన్నది బయోడేటాలోనే తేలిపోయింది, యూదుడనీ గ్రీసుదేశస్థుడనీ తేడా లేదన్న బైబిలు వాక్యం ఆ కాగితం మీదే అచ్చేసి.

ఇంటికొచ్చి ఇదంతా ఆవేశంగా రాయడానికి కూర్చున్నాను. మా సోఫా పైన, చాలామంది ఇళ్ళలో ఉన్నట్టే, ఫ్రేము ఉంది: "నేనును నా ఇంటివారును యెహోవాను సేవించెదము." దాని కిందే కూర్చుని 25వ వచనం గురించి నాలుగో పేరాలో ఉండగా మా ఆవిడ వంటింట్లోంచి పిలిచింది, గ్యాసు అయిపోయింది, సిలిండర్ మార్చమని.

"ఈ పేరా అవనీ" అన్నాను.

పేరా అయ్యేసరికి కాఫీ వచ్చింది. వేడిగానే ఉంది.