రోబోల ఉమ్మడి పాఠాలకు కొలతలు కావాలి

ఒక రోబో నేర్చుకున్న పనిని నెట్‌లో పెడితే మిగతావన్నీ అందుకోవచ్చన్న ఆలోచన కొత్తదేం కాదు. ఐరోపా యూనియన్ నిధులతో నడిచిన రోబోఎర్త్ ప్రాజెక్టు 2014 జనవరిలో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఆస్పత్రి గదిలాంటి సెట్‌లో నాలుగు రోబోలతో దాన్ని చేసి చూపింది. వస్తువుల నమూనాలు, గదుల మ్యాపులు, పనుల క్రమం అందులో దాచేవారు. ఆ పనికి తగిన చెయ్యి, కెమెరా ఈ రోబోకు ఉన్నాయా అని ముందే సరిచూసే ఏర్పాటూ ఉండేది.

2023 అక్టోబరులో గూగుల్ డీప్‌మైండ్, పలు ల్యాబులు కలిసి విడుదల చేసిన ఓపెన్ ఎక్స్-ఎంబాడిమెంట్ అనే ఉమ్మడి డేటా భాండారం దారి వేరు. 22 రకాల రోబోలు చేసిన 10 లక్షలకు పైగా రికార్డింగులు అందులో ఉన్నాయి. రాశి పెరిగింది, వివరణ పలచబడింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అందులో కదలికను ఏడు అంకెల్లో కుదిస్తారు: మూడు స్థానానికి, మూడు మలుపుకు, ఒకటి పట్టుకు. కానీ అదే అంకె ఒక ల్యాబులో చేరాల్సిన చోటు, మరోదాంట్లో జరగాల్సిన దూరం, ఇంకోచోట వేగం. అక్షాల దిశలూ కలవవు. ఈ సంగతి రూపకర్తలే తమ పత్రంలో చెప్పారు. మలుపును క్వాటర్నియన్‌గా, అంటే ఎక్స్, వై, జెడ్, డబ్ల్యూ అనే నాలుగు అంకెలుగా దాచినచోట మరో తంటా: రోబోలను నడిపే సాఫ్ట్‌వేర్ రాస్‌లో డబ్ల్యూ చివర వస్తుంది, కదలికలను కంప్యూటర్లో అనుకరించే ముజోకోలో మొదట. తారుమారైనా ఎర్రర్ రాదు, చెయ్యి మాత్రం అడ్డంగా తిరిగి గ్లాసును పడేస్తుంది.

సమయం తేడా ఇంకా మోసకారి. సెకనుకు 30 ఫ్రేముల కెమెరాలో 100 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే మూడు ఫ్రేములు. పట్టు బిగిసిన క్షణానికి, చేయి ఇంకా వస్తువును చేరని చిత్రం జతపడుతుంది. అలా నేర్చిన మోడల్‌ను ఆ ఆలస్యం లేని రోబోలో నడిపితే అందకముందే గుప్పిట మూస్తుంది.

అందుకే అప్‌లోడ్‌కు ముందు ఒక పరీక్ష తప్పనిసరి చేయాలి. వస్తువును అదే చోట పెట్టి, రికార్డు చేసిన కదలికలను అదే రోబోపై తిరిగి నడపాలి. హగ్గింగ్ ఫేస్ అనే ఏఐ సంస్థ వారి రోబో సాఫ్ట్‌వేర్ లీరోబోట్‌లో ఇందుకు రీప్లే ఆదేశం ఉంది. పని పూర్తికాకపోతే కొలతల్లోనో టైమింగ్‌లోనో తప్పుందని అనుమానించాలి.

మన ఇంజనీరింగ్ కాలేజీలు ఈ ఉమ్మడి రికార్డింగుల్లో చేర్చగలిగింది చాలా ఉంది. స్టీలు గ్లాసునే తీసుకోండి. దూరాన్ని కొలిచే కెమెరా పంపే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు నున్నటి స్టీలుపై పక్కకు పరావర్తనమై, లోతు చిత్రంలో గ్లాసు ఉన్నచోట ఖాళీ కనిపిస్తుంది. అలాంటి రికార్డింగుకు కెమెరా మోడల్, లైటు ఉన్న దిక్కు, అక్షాల దిశ జతచేయాలి. జారిపోయిన ప్రయత్నాలను చెరిపేయకుండా 'విఫలం' అని గుర్తుపెట్టి ఉంచాలి.