మంచం పట్టినప్పుడు ఇమ్యూనిటీకి నిజంగా ఏమవుతుంది?

తలవైపు ఆరు డిగ్రీలు కిందికి వాలిన మంచం. తిండి, స్నానం, మలమూత్రాలు అన్నీ అక్కడే. ఎటు తిరిగినా ఒక భుజం పరుపుకు ఆని ఉండాల్సిందే. జబ్బేమీ లేని మనుషులు 2019లో జర్మనీలోని కొలోన్‌లో ఇలా 60 రోజులు గడిపారు. అంతరిక్షంలో ఒంటికి ఏమవుతుందో నేల మీదే చూసే ప్రయోగం అది.

కండ, ఎముక, గుండె దెబ్బతింటాయన్నది పాత సంగతే. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు పడుకోబెట్టారు. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే, ఆక్సిజన్ వాడుకునే సత్తాను ఆ మూడు వారాలు తగ్గించినంతగా ముప్పై ఏళ్ల వయసు కూడా తగ్గించలేదని తేలింది!

మరి ఇమ్యూనిటీ? ‘మంచాన పడితే ఇమ్యూనిటీ పోతుంది’ అనే మాటను నేను సగమే ఒప్పుకుంటాను. ఆరోగ్యవంతుల్లో తెల్లకణాల సంఖ్య కుప్పకూలదు. ఈ విషయంలో ప్రయోగాల ఫలితాలూ ఒకదానితో ఒకటి కలవవు. తగ్గేది కణాల తిరుగుడు. రక్తాన్ని తోయడానికి గుండె ఉంది, తెల్లకణాలను మోసుకెళ్లే లింఫ్ ద్రవానికి అలాంటి పంపు లేదు. పాదం దగ్గర బయల్దేరిన ద్రవం మెడ కింద సిరలో కలవాలంటే నాళాలు ముడుచుకోవడంతో పాటు పిక్కల నొక్కుడూ కావాలి. చురుగ్గా నడిస్తే ఆడ్రినలిన్ హార్మోన్ పెరిగి, వైరస్ సోకిన కణాలను చంపే ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు గుంపులుగా రక్తంలోకి దిగుతాయి. పడుకున్నవాడికి ఆ పిలుపు అందదు.

అసలు ముప్పు మాత్రం వాకిళ్ల దగ్గరే ఉందని నా అభిప్రాయం. వెల్లకిలా ఉంటే ఊపిరితిత్తుల అడుగు భాగం సరిగా తెరుచుకోదు, కఫం పేరుకుంటుంది, దగ్గులో బలం ఉండదు. ఒకేచోట ఒత్తిడి పడితే చర్మం పుండవుతుంది. సైన్యం బాగానే ఉన్నా కోట తలుపులు తెరిచి పెట్టినట్టే.

జ్వరంలో ఒళ్లే పడక అడుగుతుంది, అది న్యాయమే. కానీ ‘రెస్ట్ తీసుకోండి’ అని చెప్పేవాళ్లు ఎన్నాళ్లో చెప్పరు. మాత్రకైతే రోజుల లెక్క రాస్తారు కదా! ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసువాళ్లే పది రోజుల పడకలో కాళ్ల నుంచి కిలో దాకా కండ పోగొట్టుకున్నారు. ఇక జబ్బు కూడా తోడైతే?

లేవడానికి వీల్లేని వాళ్లుంటారు. డాక్టరు సరేనంటే వాళ్లను కాసేపు ఆనించి కూర్చోబెట్టొచ్చు, పక్కలు మార్చొచ్చు, మడమలు ఆడించమనొచ్చు, గట్టిగా ఊపిరి తీయమనొచ్చు. మిగతావాళ్లు డాక్టరు గది దాటేలోపు అడగాల్సింది ఒక్కటే: ‘ఎప్పుడు లేవమంటారు?’